కాలువనీరు, కొండవారి సమ్మతి

విజయవాడలో బెంజి సర్కిలు అను కూడలిని ఎరుగని తెలుగువారు అరుదు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు బాటయు, హైదరాబాదునుండి బందరునకు పోవు బాటయు అచ్చట కలిసికొనును. రాత్రింబవళ్లు బండ్ల రాకపోకలు తెగని ఆ కూడలినుండి వారధి వైపునకు కొంత దూరము నడచినచో బందరు కాలువ కానవచ్చును. ఏరువాక దినములలో కాలువకు నీరు విడిచిరను వార్త వచ్చినంతనే దివిసీమ రైతు మొదలు పెడన రైతు వరకు అందరి చూపును దానిమీదనే యుండును. ఆ వంతెనపై నిలిచి “ఈ నీ రెక్కడిది?” అని దారిపోవు వారి నడిగినచో “కృష్ణది గాక మరెక్కడిది?” అందురు. చిరకాలము ఆ యుత్తరము నిజమే. 2015వ సంవత్సరమునుండి మాత్రము అది పూర్తి నిజము కాదు. ఈ వ్యాసమునకు ఆ మార్పే కారణము.

కృష్ణా డెల్టా తన నీటిని ఊరక పొందలేదు. 1832-33లో వచ్చిన నందన కరువున గుంటూరు సీమలో అసంఖ్యాకులు ఆకలిచే మరణించిరి. పక్కనే నిండు నది సముద్రములో కలియుచుండగా పొలములు ఎండి జనులు చచ్చిన దేశమిది. 1852లో మొదలిడి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్ట ఆ దుఃస్థితిని మార్చెను. దాని స్థానమున 1957లో ప్రకాశము బరాజు నిలిచెను. సుమారు 13 లక్షల ఎకరముల మాగాణికి అదియే ఆధారము. కాని ఎగువ రాష్ట్రములందు జలాశయములు పెరిగిన కొలదియు కృష్ణ ఆలస్యముగ వచ్చుట మొదలైనది. జూనులో పోయవలసిన నారు ఆగస్టు దాకా నిలిచినచో, పంట చేతికి వచ్చు వేళకు తుపాను వచ్చి పడును. కాలువ తుది భూములలో ఉప్పు పైకి తేలును. కృత్తివెన్ను, నాగాయలంక ప్రాంతముల రైతు పడిన ఈ యిక్కట్టు కల్పితము కాదు.

దీనికి ఉపాయముగ 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకము వచ్చెను. గోదావరి గట్టున 24 పంపులు నీటిని తోడును. 12 వరుసల పెద్ద ఉక్కుగొట్టములు ఆ నీటిని సుమారు నాలుగు కిలోమీటర్లు మోసి పోలవరము కుడి కాలువలో పోయును. అన్ని పంపులును నడచునప్పుడు సెకనుకు 8,500 ఘనపుటడుగుల నీరు కదలును. అది నూటయేబది కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇబ్రహీంపట్టణము కడ కృష్ణలో కలియును. ఆ సంగమము బరాజునకు ఎగువనే యుండుటచే, నాటినుండి బందరు, రైవసు, ఏలూరు కాలువలలో గోదావరి పాలును ప్రవహించుచున్నది. ఈ గొట్టములను చూచి డెల్టా సంతసించినది. మేమును సంతసించితిమి. ఆ నీటితో పండిన అన్నమే మేమును తినుచున్నాము గనుక, ఇక చెప్పబోవు మాటలలో మమ్ము మేము వేరుచేసికొనుట లేదు.

ఈ గొట్టములు స్వయముగ ఏ కొండపల్లెను ముంచలేదు. కాని అవి నీటిని పోయు కాలువ పోలవరము ప్రాజెక్టుది. ఆనకట్ట పూర్తి యైనపుడు గొట్టముల పని తీరును. నీరు తానే దిగివచ్చును. ఆనకట్టకు వెనుక పాపికొండలు. ఆ కొండల నడుమను, వానికి ఎగువ శబరీ తీరమునను కొండరెడ్ల యూళ్లు, కోయల యూళ్లు. కాలువ ఈ కొసను చూచినవారు ఆ కొసనుకూడ చూడవలదా? మనకు నీరు కావలెనా వలదా యన్నది ప్రశ్న కాదు. ఎవరి నేలమీదుగ ఆ నీరు వచ్చుచున్నదో వారిని ముందుగ అడిగితిమా యన్నదే ప్రశ్న. ఇది నిన్నటి ప్రశ్నయు కాదు. మన్యపు చరిత్రమంతయు ఈ యొక్క ప్రశ్న చుట్టునే తిరిగినదని మా యభిప్రాయము. దానిని చరిత్రముచేతనే నిరూపింప ప్రయత్నింతుము.

మన్యమున తిరుగుబాట్లు జరిగెనని మన పాఠ్యపుస్తకములు చెప్పును. ఎందుకు జరిగెనో చెప్పుట తక్కువ. 1858లో పోలవరము ప్రాంతమున కొరటూరునకు చెందిన సుబ్బారెడ్డి తిరుగబడి ఉరికంబమెక్కెను. ఆ పిమ్మట ఇరువది యేండ్లకు, 1879 మార్చిలో, రంప సీమ యంతయు లేచెను. కొండవాడు తన యింటి యవసరమునకు గీసికొను కల్లుమీద ప్రభుత్వము అబ్కారీ నిబంధన తెచ్చెను. కల్లు వేలములు పాడుకొన్నవారు పన్ను పిండిరి. మన్సబుదారు తన వంతుగ చిగురుపన్ను వేసెను. మైదానపు వర్తకులు తప్పుడు పత్రములు వ్రాయించుకొని, దూరమునున్న న్యాయస్థానములలో ఏకపక్షముగ తీర్పులు పొంది, కొండవారి పశువులను తోలుకొనిపోయిరి. కల్లనగా మనకు వ్యసనము. కొండవానికి ఎండకాలపు నెలలలో అది యాహారము. పెండ్లికిని, దేవరకును అది లేక జరుగదు. ఆ సంగతి తెలియనివారు చేసిన చట్టమది. తెలిసినవారిని అడిగి చేసినది కాదు.

ఆ కల్లోలము జూలై నాటికి రేకపల్లికి ప్రాకెను. రేకపల్లి సీమను 1874లో మధ్యపరగణాలనుండి విడదీసి మద్రాసు రాజధానిలో చేర్చిరి. అంతకుముందు అచ్చటి పోడు సేద్యమునకు గొడ్డలికి ఇంతయని స్వల్పమైన పన్ను. పాలన మారగానే పన్ను హెచ్చెను. కొన్ని తావులందు పోడే నిషేధింపబడెను. ఏ పరగణాలో నుండవలెనో కొండవారి నెవ్వరు నడుగలేదు. ఏ పన్ను కట్టవలెనో కూడ నడుగలేదు. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య మొదలగు వారు నాయకులై సంవత్సరమునకు పైగా సైన్యముల నెదిరించిరి. 1880 మధ్యమునకు ఆ పోరాట మణగెను. తుదకు ప్రభుత్వమే మన్సబును రద్దుచేసి, ముఠాదారులతో నేరుగ వ్యవహరింప నారంభించెను. అనగా కొండవారి మొర న్యాయమైనదని వారి మరణానంతరము ఒప్పుకొనవలసి వచ్చెను. చదువరులు ఈ రేకపల్లి పేరును జ్ఞాపకముంచుకొందురు గాక. మరల దీనికడకు రావలసియున్నది.

రెండవ ఘట్టము అందరు నెరిగినదే. 1922 ఆగస్టు 22న అల్లూరి శ్రీరామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవార్డు, హైటరు అను ఇరువురు దొరలు కూలిరి. 1924 మే 7న కొయ్యూరు కడ శ్రీరామరాజు పట్టుబడి కాల్చి చంపబడెను. నేడు ఆయన విగ్రహము లేని పట్టణము మన జిల్లాలలో తక్కువ. విగ్రహములను చూచువారిలో ఆ పోరాటమునకు నిప్పు రాజేసినది ఒక బాట యని ఎరిగినవా రెందరు? నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగ చింతపల్లికి కొండలు తొలిచి బాట వేయుటకు గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కొండవారిచే వెట్టి చేయించెను. న్యాయమైన కూలి యీయక, కాదన్నవారిని కొట్టించి పని చేయించుకొనెను. మునసబు పదవిని కోల్పోయిన గాము గంటందొరయు, ఆతని తమ్ముడు మల్లుదొరయు రాజు పక్షమున చేరుటకు ఆ తహసీలుదారుతోడి వైరము ముఖ్య కారణము.

బాట యన్నది మంచిది కాదా? బాట వచ్చిన వైద్యుడు వచ్చును, బడి వచ్చును, ఉప్పు చౌకగ వచ్చును. ఆనాడు మైదానమున చదువుకొన్నవారు ఇట్లే తలచియుందురు. కాని ఆ బాట కొండవాని వైద్యము కొరకు తలపెట్టినది కాదు. అడవిలోని కలప దిగుటకును, అధికారి గుఱ్ఱము ఎక్కుటకును తలపెట్టినది. వేయవలసిన చేతులు కొండవానివి. పోవు లాభము పరులది. పని ఎంత గొప్పదైనను దాని భారమును మోయువాడు, ఫలమును పొందువాడు వేర్వేరైనపుడు, మోయువానిని అడుగకుండ మొదలిడుట అన్యాయమగును. గంటందొర 1924లో చనిపోయెను. మల్లుదొర అండమానులో శిక్ష ననుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. చట్టముచే దండింపబడినవాడే చట్టములు చేయు సభలో కూర్చుండెను. స్వాతంత్ర్యము తెచ్చిన మార్పు ఇదియేయని ఆనాడు మురిసినవారి యాశ వ్యర్థము కాదు.

నిజాము సీమలోను ఇదే కథ. 1940లో జోడేఘాటు కడ కుమ్రం భీము తన గోండు జనముతో భూమికై పోరి ప్రాణము లిడిచెను. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని సలహాలు కోరెను. ఆయన పాపికొండల కొండరెడ్లనుగూర్చి వ్రాసిన గ్రంథము 1945లో అచ్చయ్యెను. కలప గుత్తదారుల చేతులలో ఆ రెడ్లు పడిన బాధలు అందు విపులముగ కలవు. ఎనుబదేండ్ల క్రిందనే ఆ యూళ్ల బ్రతుకు అచ్చులోనికి వచ్చెను. తెలియదని చెప్పుటకు మనకు వీలులేదు.

స్వతంత్ర భారతము ఈ చరిత్రమునుండి కొంత నేర్చినది. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు మన్యపు భూములకు ప్రత్యేక రక్షణ నొసగెను. మన రాష్ట్రమున 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపరచిరి. 1/70 అను పేర అది కొండయూళ్లలో చదువురానివానికిని తెలియును. షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి బదలాయించుట చెల్లదనియు, అచ్చట గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదేయని, కాదని రుజువగువరకు భావింపవలెననియు అది శాసించెను. ఈ చట్టము ప్రభుత్వమునకు వర్తించునా? అనంతగిరి మండలమున బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లనుగూర్చి సమత యను సంస్థ వేసిన వ్యాజ్యమున, 1997 జూలై 11న సుప్రీముకోర్టు వర్తించుననియే తీర్పు చెప్పెను. ఆ నిబంధనలోని ‘వ్యక్తి’ యను మాటలో ప్రభుత్వమును చేరుననియు, షెడ్యూలు ప్రాంతపు భూమిని గనులకై ప్రైవేటు సంస్థలకు కౌలు కిచ్చుట చెల్లదనియు నిర్ణయించెను. దొరతనమునకును హద్దు కలదని మన్యపు పల్లెలు దేశమునకు నేర్పిన పాఠమది.

అదే 1997 డిసెంబరు 11న, భూగోళమున కావలి వైపున కెనడా దేశపు సుప్రీముకోర్టు మరియొక తీర్పు చెప్పెను. బ్రిటిషు కొలంబియాలోని గిట్‌క్సాన్, వెట్సువెటెన్ జాతుల పెద్దలు తమ పూర్విక భూమిపై హక్కు కలదని వ్యాజ్యము వేసిరి. క్రింది న్యాయస్థానము వారి మాటను త్రోసివేసెను. పై న్యాయస్థానము, తరతరములుగ నోటినుండి నోటికి వచ్చిన వారి చరిత్రమును గాథలను సాక్ష్యముగ గ్రహింపవలెననియు, పూర్విక భూమిహక్కు తెల్లవారి రాకచే తనంత నశింపలేదనియు పలికెను. ఒక్క సంవత్సరమున రెండు ఖండములలో అడవి జనులకు అనుకూలముగ రెండు తీర్పులు వెలువడుట గమనింపదగినది. తరువాత జరిగినదియు గమనింపదగినదే.

ఆ వెట్సువెటెన్ భూమిమీదుగనే 670 కిలోమీటర్ల సహజవాయు గొట్టము నొకదానిని వేయ నిశ్చయించిరి. దారిలోని యెన్నికైన సంఘములు పెక్కు ఒప్పందములపై వ్రాళ్లు చేసినవి. కాని భూమికి పరంపరగా కావలియైన కులపెద్దలు సమ్మతింపలేదు. వారి పక్షమువారు బాటలపై కావలి గుడిసెలు వేసికొని నిలిచిరి. 2019 జనవరిలోను, 2020 ఫిబ్రవరిలోను పోలీసులు వచ్చి వారిని బంధించి తీసికొనిపోయిరి. 2023లో గొట్టము పూర్తి యయ్యెను. ఎవరి సమ్మతి సమ్మతి? ప్రభుత్వము తాను గుర్తించినవారిని అడిగితినని చెప్పును. జనము తాను గుర్తించినవారు వేరని చెప్పును. రంపలో మన్సబుదారునితో మాటాడి కొండవారితో మాటాడినట్లు భావించిన దొరతనము చేసిన తప్పు ఇటువంటిదే.

అమెరికాలోని స్టాండింగు రాక్ కథ మనకు మరింత దగ్గర. 2016లో అచ్చటి సూ జాతివారు తమ నేలకు ఎగువన ఓయాహీ జలాశయము క్రిందుగ చమురుగొట్టము వేయరాదని వేలకొలది జనముతో శిబిరము వేసికొనిరి. తొలుత ఆలోచించిన దారులలో ఒకటి బిస్మార్కు పట్టణమునకు ఎగువగ పోవునది. పట్టణపు మంచినీటి బావులకు ముప్పను మాటయు దానిని మానుటకు ఒక కారణమయ్యెను. పట్టణమునకు పనికిరాని ముప్పు తమకెట్లు పనికివచ్చునని ఆ జాతివా రడిగిరి. ఆ జలాశయమును నది యిచ్చినది కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము కట్టిన ఆనకట్టచే ఆ జాతివారి పల్లపు భూములే మునిగి అది యేర్పడెను. మొదట నీరు వారి నేలను తీసికొనెను. పిమ్మట గొట్టము వారి నీటికి ముప్పుగ వచ్చెను. 2017లో చమురు పారెను. గొట్టమునకు వెఱచుట అజ్ఞానమని నవ్వువారు, 2014 జూన్ 27న మన కోనసీమలో నగరము గ్రామమున వాయుగొట్టము పేలి తెల్లవారుజామున ఇరువదిమందికి పైగా మాడి చనిపోయిన సంగతిని తలచికొందురు గాక.

ఇక స్వగృహమునకు వత్తము. గోదావరి జలవివాద న్యాయమండలి 1980లో తన నిర్ణయమును ప్రకటించెను. పోలవరమునుండి కృష్ణకు 80 టి.ఎం.సి.ల నీరు మళ్లింపవచ్చును. అందు 45 మన రాష్ట్రమునకు, 35 ఎగువనున్న కర్ణాటక, మహారాష్ట్రములకు. మునుగువారి భూమిపై నిలుచు నీటికి మూడు రాష్ట్రములు పాళ్లు వేసికొనెను. ఆ పంపకమున కొండరెడ్డికి గాని కోయకు గాని పాలు లేదు. 2005లో పర్యావరణ అనుమతి వచ్చెను. ముంపు తగులు ఒడిషా, ఛత్తీస్‌గఢ్ జనుల విచారణ జరుగలేదన్న కారణముచే 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు మండలి దానిని రద్దుచేసెను, ఉన్నతన్యాయస్థానము ఆ రద్దును నిలిపివేసెను, పని సాగెను. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు, మునుగు గ్రామములు ఆనకట్ట కట్టు రాష్ట్రములోనే యుండవలెనని చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములను, భద్రాచలము, బూర్గంపాడు మండలముల కొన్ని భాగములను ఆంధ్రప్రదేశములో కలిపిరి. వరరామచంద్రపురము మండలమునకు ముఖ్యస్థానము ఏ యూరో చదువరులు ఊహింపగలరా? రేకపల్లియే. 1874లో అడుగకుండ ఒక పాలననుండి మరియొక పాలనకు మార్చిన సీమను 2014లో మరల అట్లే మార్చితిమి.

ఆ విభజన చట్టపు 90వ సెక్షనులో ఒక విచిత్రమైన మాట కలదు. పోలవరమునకు తెలంగాణ రాష్ట్రము సమ్మతించినట్లు భావింపవలెనని అందు వ్రాసిరి. ఒక రాష్ట్రపు సమ్మతినే భావించుకొనగలిగిన కాలమున, గోదావరి యొడ్డున వెదురు కొట్టి బ్రతుకు నొక పల్లె సమ్మతిని ఎవరు లక్ష్యపెట్టుదురు? చట్టములు లేక కాదు. 1996లో వచ్చిన పెసా చట్టము, షెడ్యూలు ప్రాంతమున భూమి సేకరించుటకు ముందు గ్రామసభనుగాని పంచాయతీనిగాని సంప్రతింపవలెననెను. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. 2013 భూసేకరణ చట్టము మరియొక యడుగు వేసి, సంప్రతింపు చాలదు, షెడ్యూలు ప్రాంతమున గ్రామసభ ముందస్తు సమ్మతియే కావలెననెను. సంప్రతింపు వేరు, సమ్మతి వేరు. మొదటి దానిలో వినువాడు వినకయు పోవచ్చును. రెండవ దానిలో కాదనువాని మాట నిలుచును. ఆ భేదము చట్టమున కెక్కుటకు రంప తిరుగుబాటునుండి నూటముప్పది యేండ్లకు పైగా పట్టెను. అప్పటికే పోలవరపు పనులు చాల దూరము వచ్చెను.

ప్రభుత్వపు లెక్కలలోనే 370కి మించిన ఆవాసములును, సుమారు లక్ష కుటుంబములును ముంపునకు లోనగునవి. అందు సగమునకు తగ్గకుండ గిరిజనులు. ఆనకట్టను ఆనుకొనియున్న దేవరగొంది, మామిడిగొంది, పైడిపాక, చేగొండపల్లి మొదలగు యూళ్లు తొలుత లేచిపోయినవి. ఒకే ప్రాజెక్టు క్రింద భూమి నష్టపరిహారము తొలినాళ్లలో ఎకరమునకు లక్షకు కొంచె మధికము. తరువాతి వారికి పది లక్షలకు మించినది. తొందరగ ఒప్పుకొని వెడలినవారే నష్టపోయిరన్నమాట. 2021 జూన్ 11న గోదావరి ప్రవాహమును స్పిల్‌వే మీదుగ మళ్లించిరి. 2022 జూలైలో భద్రాచలము కడ వరద 71 అడుగులు దాటినపుడు, పునరావాసము పూర్తికాని కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మండలముల జనులు కొండలెక్కి టార్పాలిను గుడారములలో దినములు గడపిరి. అదే సంవత్సరము ఏప్రిలులో అల్లూరి సీతారామరాజు పేర క్రొత్త జిల్లా ఏర్పడియుండెను. మునిగిన మండలములలో మూడు అప్పుడు ఆ జిల్లాలోనివే. అడుగని బాటను ఎదిరించిన వీరుని పేరు పెట్టి, ఆ పేరుగల నేలనే అడుగక ముంచితిమి.

ఇందుకు డెల్టావారు చెప్పు సమాధానము మే మెరుగుదుము. “లక్షల ఎకరములు పండవలెను, కోట్లమంది తినవలెను, కొన్ని యూళ్లు కదలక తప్పునా?” అందురు. ఈ మాటను మేము తేలికగ త్రోసివేయము. నందన కరువును మరచినవాడే నీటిని చులకన చేయును. కాని ఈ వాదములోనే దాని యుత్తరమును కలదు. కోట్లమందికి మేలు కలుగు పనియే యైనచో, ఆ మేలునుండి వేలమంది నష్టమును న్యాయముగ పూడ్చుట కోట్లమందికి అసాధ్యము కానేరదు. పూడ్చలేదనగా శక్తి లేక కాదు, అవసరము తోపక. తన పొలములో విద్యుత్తు స్తంభము నాటుటకు వచ్చినవానిని “ఎవరి నడిగి వచ్చితివి?” అని నిలదీయు డెల్టా రైతునకు, ఆ మాట విలువ ఎవరును నేర్పనక్కరలేదు. ఆ ప్రశ్ననే కొండరెడ్డి వేసినచో అది అభివృద్ధికి అడ్డమెట్లయ్యెను?

అడిగినచో పనులన్నియు ఆగిపోవునను భయ మొకటి. పొరుగున ఒడిషాలోని నియమగిరి కొండమీద బాక్సైటు గని త్రవ్వుట విషయమున, 2013లో సుప్రీముకోర్టు ఆజ్ఞచే 12 గ్రామసభలను అడిగిరి. డొంగ్రియా కొందులు మొదలగు ఆ పల్లెలవారు పండ్రెండు సభలలోను వలదనిరి. ఆ కొండపై గని ఆగెను, దేశ మాగలేదు. మఱియు కొండవా రన్నిటికిని వలదనువారు కారు. శ్రీరామరాజు కాలమున వారు కాదన్నది వెట్టిని. రంపలో కాదన్నది అన్యాయపు పన్నును. నేడు కూనవరపు నిర్వాసితులు అడుగుచున్నది భూమికి భూమి, ముందు ఇల్లు, పిమ్మట నీరు. నూరేండ్ల చరిత్రమున వారి కోర్కెలు ఇంత మితమైనవి కాగా, వారిని మొండివారని పిలుచుట మనకు తగునా?

తొలి దశలో పోలవరమున 41.15 మీటర్ల మట్టమువరకు నీరు నిలుపుటయు, తుదకు 45.72 మీటర్లు నింపుటయు ఉద్దేశము. ఈ రెండు మట్టముల నడుమ పెక్కు యూళ్లు కలవు. వాని విషయమున చరిత్రము ఇంకను వ్రాయబడలేదు. గోదావరి నీటిని మరింత దూరము తరలించు పథకములును ఇటీవల ప్రస్తావనకు వచ్చుచున్నవి. కావున మేము డెల్టాలోని చదువుకొన్నవారిని వేడునది మూడు మాటలు. మన బడులలో ఆనకట్ట చరిత్రము చెప్పునపుడు మునిగిన యూళ్ల పేర్లుకూడ చెప్పుదము. కట్టుటకు తొందరపెట్టు రైతుసంఘములు, నిర్వాసితులకు ఇండ్లు భూములు ముట్టువరకు నీటిమట్టము పెంచవలదని అదే గొంతుతో కోరుగాక. ఇకమీద ఏ కాలువయైనను గొట్టమైనను కొండనేలమీదుగ తలపెట్టునపుడు, కొలతలు వేయుటకు ముందే గ్రామసభ జరుగవలెనని మనమే పట్టుపట్టుదము. కొండవారు అడిగిన అరణ్యరోదన మగుచున్నది. నీరు త్రాగువారు అడిగినచో వినక తప్పదు.

కృష్ణను తల్లి యందుము, గోదావరిని తల్లి యందుము. ఇరువురు తల్లులును కలిసి పెట్టిన అన్నము మనము తినుచున్నాము. ఈ మారు కాలువకు నీరు విడిచినపుడు బందరు కాలువ వంతెనపై నిలిచిన చదువరి, ఆ నీటిలో కొంత శబరి మీదుగ, రేకపల్లి యొడ్డు నొరసికొని వచ్చినదని తలచికొనుగాక. అచ్చటివారు తమ యూళ్లు విడువవలసి వచ్చినను మన పంట ఎండిపోవలెనని కోరలేదు. తమ్ము అడుగవలెనని మాత్రమే కోరిరి.